బంగళా వీధి, సాలూరు

మొన్న సచివాలయంలో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు మా ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అన్నారు. తుపానులో ఊరు ఖాళీ చేయించడమో, వాగు దాటి ఓట్ల పెట్టెలు మోయడమో చెబుతాననుకున్నారు. అవీ చేశాను. వాటివల్ల నాకు రెండు మెమోలు, ఒక నడుంనొప్పి వచ్చాయి. నేను చెప్పబోయింది ఒక కాలమ్‌లో రాసిన మూడు మాటల గురించి. కాలమ్ అనగానే ఒకడు ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మండలం పేరు, ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు అసలే రాయను, అందులో నాదీ ఉంది.

నాది సాలూరు. ఉద్యోగం మాత్రం మొదట్నించి చివరిదాకా కొండల మీదే. ఊళ్ళు తిరిగి లెక్కలు రాసే పనిలో చేరి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా దిగాను. చేరిన నాలుగో నెలలో ఇంటింటి సర్వే వచ్చింది. ఎవరింట్లో ఎందరు, వయసెంత, పుట్టిందెక్కడ. ఊరి పెద్ద ఇంట్లో ఏడుగురి పేర్లు రాశాక, చేటలో సామలు ఏరుకుంటూ ఆడుకుంటున్న ఒక చిన్నపిల్ల, మా వైపు మాటలో గుంట, కనబడింది. నాలుగైదేళ్ళుంటాయి. లెక్కలో లేదు.

"ఆ గుంటెవరు?" అన్నాను.

"మా గుంటే బాబూ. పెంచుకున్నాం" అన్నాడు పెద్దాయన. అప్పటికి ఆయనకి నలభై దాటి ఉంటాయి.

"పుట్టిందెక్కడ?"

"అది వేరే దేసం పిల్ల. బంగలా దేసం."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ కొండల మీద దేశం అంటే మైదానం. ఉప్పు దేశం నుంచి వస్తుంది. కోర్టు దేశంలో ఉంటుంది. ఫలానావాడు దేశం వెళ్ళాడంటే బస్సెక్కి కొండ దిగాడని అర్థం. వచ్చిన కొత్తలో నాకిది తెలియక నవ్వులపాలయ్యాను. నాలుగో నెలకి బాగా తెలుసునన్న గర్వం వచ్చింది. సర్వం ఆ గర్వమే చేసింది. దేశం అంటే మైదానం, బంగలా అంటే బంగళా. మైదానంలో బంగళా అనగానే నాకు తట్టింది సాలూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న పాత బంగళా. దాని పేరుమీదే ఆ వీధిని బంగళా వీధి అనేవాళ్ళం.

"వీళ్ళ నాన్నేం చేసేవాడు?"

"దోమతెరలు అమ్ముకోడానికి సైకిలు మీద వచ్చినాడు. గుంటని ముందర కూకోబెట్టుకుని. జొరమొచ్చి మూడోనాడు పోనాడు. ఆల్ల పద్దతేటో మాకు తెలవక మా పద్దతిలోనే పాతినాం. రాయి కూడా ఎట్టినాం."

దోమతెరలమ్మేవాడు సాలూరు నుంచి కొండెక్కడం వింతేమీ కాదు. పుట్టిన స్థలం కాలమ్‌లో 'బంగళా వీధి, సాలూరు' అని గుండ్రంగా రాశాను.

"ఏటి రాసినావు బాబూ?" అని ఆయన తొంగిచూశాడు.

"నువ్వు చెప్పిందే" అన్నాను.

పిల్లలూ, రాసింది చదివి వినిపించండి. ట్రైనింగులో ఇది చెబుతారు, ఎవరూ చేయరు. నేనూ చేయలేదు. ఎండ ఎక్కుతోంది, ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి, బేగి ముగించాలన్న యావ.

నా రాత రేషన్ కార్డులోకి వెళ్ళింది. అక్కడినుంచి ఆశ్రమ పాఠశాల రిజిస్టరులోకి, పదో తరగతి సర్టిఫికెట్టులోకి, ఆ తర్వాత వచ్చిన ప్రతి కార్డులోకీ వెళ్ళింది. ప్రభుత్వ కాగితం మరో ప్రభుత్వ కాగితాన్నే నమ్ముతుంది, మనిషిని అడగదు. ఆ గుంట పెరిగింది. తెలుగు, ఆదివాసీ ఒరియా, కువి మూడూ గలగలా మాట్లాడేది. బెంగాలీ ఒక్క ముక్క రాదు. ఆ ఊరివాణ్ణే పెళ్ళి చేసుకుంది. ఒక కూతురు.

ఆమె చేసిన నేరం ఒకటుంది, అది దేశానికి సంబంధించింది కాదు. ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొని, సంత రోజున బస్టాండు దగ్గర చింతచెట్టు కింద పెట్టుకుని కూర్చునేది. కాఫీ గింజలు, మిరియాలు తెచ్చిన ఆడవాళ్ళు ముందు ఆమె దగ్గర తూయించుకుని, బరువెంతో తెలుసుకుని, అప్పుడు షావుకారు కొట్టుకి వెళ్ళేవాళ్ళు. షావుకారు కాటా అంతకుముందు ఎన్నడూ అవమానపడలేదు. ఇప్పుడు ప్రతి వారం పడుతోంది.

ఆయన ఫిర్యాదు రాశాడు. ఈమె గిరిజన స్త్రీ కాదు, భారతీయురాలు కూడా కాదు, బంగ్లాదేశ్ నుంచి అక్రమంగా వచ్చింది, వెనక్కి పంపాలి అని. ఎలా తెలిసిందంటారా? పెద్దాయన ఎవరడిగినా చెప్పేవాడు. దాచాల్సిన విషయమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలల ఏజెన్సీ అనుభవంతో నేను విన్న మాటనే షావుకారు టీవీ చూసే చెవులతో విన్నాడు. ఆయనకి సరిగ్గా వినబడింది.

షావుకారు మైదానం మనిషి. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని చట్టం. కొట్టున్న స్థలం ఆయన దగ్గర బస్తాలు మోసే గిరిజనుడి పేరున ఉంది. అందుకని ఆయన్నేమైనా అందామని నాకూ నోరు దురద పెట్టింది కానీ అనలేదు. అరకులో నేను కట్టుకున్న రెండు గదుల ఇంటి స్థలం మా ఇంట్లో పదిహేనేళ్ళు వంట చేసిన కొండ మనిషి పేరున ఉంది. ఆమె మంచిది. ఎప్పుడూ అడగలేదు.

ఫిర్యాదు విచారణ కోసం నా బల్ల మీదికే వచ్చింది. వెనక పాత సర్వే కాగితం జెరాక్సు ఒకటి కుట్టి ఉంది. గుండ్రటి చేతిరాత. రాసినవాడెవడో గుర్తుపట్టి సంజాయిషీ అడగవలసిందిగా పైవాళ్ళు కోరారు. గుర్తుపట్టాను.

సంత రోజున వెళ్ళి ఆమె కాటా పక్కన కూర్చున్నాను. నన్ను చూసి గోనె పక్కకి జరిపింది.

"ఫిర్యాదు సంగతి తెలుసా?" అన్నాను.

"తెలుసు బాబూ. నేను ఆ దేసం దాన్నని నాకూ తెలుసు. చిన్నప్పుడే పెద్దాయన సెప్పినాడు. కార్డు మీద సాలూరని ఉండేది కదా, సాలూరు ఆ దేసంలో ఉందనుకునేదాన్ని. ఏడో తరగతిలో మేస్టారు మేప్‌లో సాలూరు సూపిస్తే తప్పు మేప్ అన్నాను. ఒకటే నవ్వినారు."

"ఏమైనా గుర్తుందా అక్కడిది?"

ఒక ముసలామె తెచ్చిన మిరియాలు తూస్తోంది. తూచి, అంకె చెప్పి, ముసలామెని పంపించాక చెప్పింది. "నీల్లు. పడవ. మా నాన్న సేత్తో నా నోరు మూసినాడు, ఏడవకుండా. అంతే."

కాటా మీద దుమ్ము తుడిచి, "పంపించేత్తారా బాబూ?" అంది.

"ఇంకా విచారణే."

"మరి మా గుంట? ఎనిమిదేళ్ళు దానికి."

ఆ ప్రశ్న ఫిర్యాదులో లేదు. అడగని కాలమ్ నింపకూడదని అప్పటికి నేర్చుకున్నాను. లేచొచ్చేశాను. ఫిర్యాదులో లేని ఆ ప్రశ్నే నన్ను ఆఫీసు దాకా వెంబడించింది.

ఆఫీసులో ఆ వారమంతా ఇదే చర్చ. మా డిప్యూటీ తహసీల్దారు కుర్రవాడు, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. "ఆమె తప్పేం లేదు సార్, ఒప్పుకుంటాను. కానీ తెచ్చినవాడు దొంగదారిన తెచ్చాడు. పిల్లని తెస్తే చాలు, పెరిగి పెద్దయితే ఉండనిస్తారని తెలిస్తే రేపు ఎంతమంది తెస్తారు? కాగితాలు పెట్టుకుని, వరసలో నిలబడి, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న వాళ్ళకి మనం ఏం చెప్తాం?" అన్నాడు. నిజం చెప్పాలంటే దీనికి పూర్తి జవాబు నాకు ఇప్పటికీ తట్టలేదు.

టీ గ్లాసులు తీస్తున్న మా అటెండరమ్మ, "నాలుగేళ్ళ గుంట సైకిలు మీద కూకుని వీసా ఉందేటి నాన్నా అని అడుగుతాదా బాబూ?" అంది.

"అమ్మా, చట్టం వేరు" అన్నాడు డి.టి.

"వేరే. అందుకే గ్లాసులు కడగడానికి పోతన్నాను" అని ఆవిడ వెళ్ళిపోయింది.

నేను నోట్ రాశాను. కొండ మీద దేశం అంటే మైదానమనే వాడుక ఉందనీ, దానివల్ల పొరపాటు జరిగే అవకాశం ఉందనీ. ఎవరి పొరపాటు, ఏ పొరపాటు అన్నది రాయలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అలా రాయడం బాగా వస్తుంది. మంచికైనా చెడ్డకైనా పనికొచ్చే వాక్యం అది.

విచారణ రోజున సబ్ కలెక్టర్ మేడమ్ మా ఆఫీసుకే వచ్చారు. చిన్న వయసు. ఉత్తరాది మనిషి, తెలుగు కష్టపడి నేర్చుకుని పొందిగ్గా మాట్లాడేవారు. బల్లకి ఒకవైపు షావుకారు, ఒకవైపు కాటా ఆమె, ఆమె భర్త. పెద్దాయనకి ఇప్పుడు డెబ్బై. ఆఫీసుకి రావాలంటే చొక్కా వేసుకోవాలని మనవడి చొక్కా వేసుకుని వచ్చాడు. దాని మీద ఏదో క్రికెట్ జట్టు పులి బొమ్మ ఉంది. గుండీలు తప్పు కాజాల్లో పెట్టాడు.

"ఈమె ఎక్కడ పుట్టిందో మీకు తెలుసా?" అన్నారు మేడమ్.

"తెలవకేటి తల్లీ. బంగలా దేసం. ఆ దినమే సెప్పినాను. ఇదిగో, ఈ బాబుకే సెప్పినాను" అని నావైపు వేలు చూపించాడు. ఆ వేలిలో కోపం లేదు, నన్ను గుర్తుపట్టిన సంతోషమే ఉంది.

మేడమ్ నా పాత రాత చూశారు, కొత్త నోట్ చూశారు. పెన్ను మూత పెట్టి, చాలా మెల్లిగా అన్నారు. "ఇక్కడ దేశం అంటే మైదానమని మీరే రాశారు. పెద్దాయన ఉద్దేశం కూడా అదే అయితే, మీ మొదటి ఎంట్రీ సరైనదే. అలా అయితే ఫిర్యాదు ఇక్కడే మూసేస్తాను. మీరేమంటారు?"

అర్థమైందా? ఆవిడ తలుపు తీసి పట్టుకున్నారు. నేను "అవును మేడమ్" అనాలి, అంతే. రెండు మాటలు. ఆమె నన్ను చూస్తోంది. డి.టి. కూడా, చట్టం గిట్టం మర్చిపోయి, అనండి సార్ అన్నట్టు చూస్తున్నాడు. షావుకారు మాత్రం ఫోను బల్ల మీద బోర్లా పెట్టి కూర్చున్నాడు. ఆ ఫోను రికార్డు చేస్తోందా, లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

రిటైర్మెంటుకి మూడు నెలలుంది.

"పెద్దాయన సరిగ్గానే చెప్పాడు మేడమ్" అన్నాను. "ఆ రోజు కూడా సరిగ్గానే చెప్పాడు. నేనే తప్పు రాశాను."

దీన్ని మా వాళ్ళు నిజాయితీ అన్నారు. వీడ్కోలు సభలో ఒకాయన దండ వేసి మరీ అన్నాడు. ఎదురుగా చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్న మనిషి తడుముకోకుండా నిజం చెబుతుంటే, పక్కన నిలబడి అబద్ధమాడడానికి సిగ్గేసిన మాట వాస్తవం. అయితే ఆ క్షణంలో నా కళ్ళ ముందు కనబడింది సత్యం కాదు, ఆగిపోయిన పెన్షన్ కాగితాలు. రెండూ కలిసి నా నోటి నుంచి ఒకే వాక్యంగా వచ్చాయి. అందులో ఏది ఎంత పాలో నేను చెప్పలేను. సంత చింతచెట్టు కింది కాటా కూడా చెప్పలేదు.

పెద్దాయన మాత్రం చాలా సంతోషించాడు. "అదీ. ఇన్నేళ్ళకి సరిగ్గా రాసినారు" అన్నాడు.

మేడమ్ పెన్ను మూత మళ్ళీ తీశారు. ఆయన వైపు వంగి, "అలాగైతే తాతా, చట్టం ప్రకారం ఆమెను పంపించవలసి రావచ్చు" అన్నారు.

"ఎక్కడికి?"

"ఆ దేశానికి."

ఆయనకి అర్థం కాలేదు. నావైపు చూశాడు, నేను ఫైలు చూశాను. "అక్కడ దీనికెవులున్నారు తల్లీ? ఈల్ల నాన్న రాయి మా ఊళ్ళోనే ఉంది కదా. రాయి ఉన్న ఊరు ఒగ్గేసి ఎక్కడికి పోతాది?" అన్నాడు.

"వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళు..." అని మేడమ్ మొదలుపెట్టారు.

"మీరూ దేసం నుంచే వచ్చినారు కదా" అన్నాడాయన, తప్పుపట్టినట్టు కాదు, మర్చిపోయినట్టుంది గుర్తుచేద్దామని. "ఈ బాబూ దేసపోడే. ఈ సావుకారూ దేసపోడే. మేం ఎవుల్నీ ఎల్లిపొమ్మన్నేదు."

షావుకారు ఫోను జేబులో పెట్టుకున్నాడు. డి.టి. కిటికీ వైపు చూశాడు. మేడమ్ ఒక తెల్లకాగితం నావైపు జరిపారు. తర్వాత, "ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి" అని నాకు చెప్పారు. రాశాను. ఈసారి చదివి వినిపించాను కూడా. 'సావుకారూ దేసపోడే' అన్నచోట ఆయన తల ఊపి, వేలిముద్ర వేశాడు.

గది బయట వరండాలో ఆమె నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నిజమే కదా బాబూ సెప్పినారు" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో లేవు. "మా గుంటకి ఏటి సెప్పాలో అదే తెలీడం లేదు."

నా చివరి రిపోర్టు నాలుగు పేజీలు. నా తప్పు ఒక పేరా. మిగతాదంతా ఆమె గురించి. సుమారు నాలుగేళ్ళ వయసులో తండ్రి తెచ్చాడు, తనంతట తాను రాలేదు. ఆ దేశపు భాష రాదు, అక్కడ ఎరిగినవారు లేరు. తండ్రి సమాధి ఇక్కడ ఉంది. పంపరాదని నా అభిప్రాయం. మా ఉద్యోగంలో అభిప్రాయం రాయడం అలవాటు లేని పని. 'పరిశీలించి తగు నిర్ణయం తీసుకోగలరు' అని రాసి చేతులు దులుపుకోవడమే పద్ధతి. అలా రాయబుద్ధి కాలేదు. డి.టి. చదివి, "చివరి లైను తీసేయండి సార్, పైవాళ్ళకి నచ్చదు" అన్నాడు. తీయనన్నాను. సరేనని ఆయన కూడా కింద సంతకం పెట్టాడు. అడిగితే ఇప్పటికీ తన వాదన తనదే అంటాడు. సంతకం మాత్రం పెట్టాడు.

డి.టి. అడిగిన ప్రశ్న మీరూ అడుగుతారని తెలుసు. రేపు ఎంతమంది తెస్తారని. తెచ్చేవాణ్ణి ఆపండి, పట్టుకోండి, శిక్షించండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నోరు మూసి తెచ్చిన పిల్ల దగ్గర, పెద్దయ్యాక, అప్పుడెందుకు నోరు మెదపలేదని సంజాయిషీ అడగడం నావల్ల కాదు. ఇంతకన్న పెద్ద వాదం నా దగ్గర లేదు.

నా పెన్షన్ సరైన నెలలో మొదలైంది. ఆమె ఫైలు ఇంకా కదులుతూనే ఉంది. ఆ దేశానికి రాస్తే, ఇటువంటి మనిషి తమ రికార్డుల్లో లేదని జవాబు వచ్చిందట. ఇక్కడి రికార్డుల్లోంచి మేం ముందే తీసేశాం. కార్డు నిలిపేశారు. నిర్ణయం వచ్చేదాకా నెలకోసారి పోలీసు స్టేషనుకి వచ్చి సంతకం పెట్టి వెళ్ళమన్నారు. ఏ నెలకి ఆ నెల, సంతకం పెట్టాక తిరిగి బస్సెక్కనిస్తారా, లేక వ్యాను ఎక్కిస్తారా అన్నది తెలియకుండానే వెళ్తుంది. కూతురికి మాత్రం సంతకి వెళ్తున్నానని చెబుతుంది. అది నమ్మడం కోసం కాటా కూడా సంచీలో పెట్టుకుని వస్తుంది.

ఆ రోజున నేనూ వెళ్ళి స్టేషను బెంచీ మీద కూర్చుంటాను. నన్నెవరూ రమ్మనలేదు. ఇంట్లో కూర్చుంటే ఆ రోజు అన్నం సయించదు, అందుకని వెళ్తాను.

పోయిన నెల అక్కడ పుస్తకాలు రాసే రైటరు మారాడు. కొత్తాయన కొత్త పుస్తకం తెరిచాడు. సంతకం పెట్టేవాళ్ళ చిరునామా, పక్కన తెలిసినవారి పేరు, చిరునామా రాయాలట. ఆమె పెన్ను తీసుకుని తన ఊరి పేరు, పంచాయతీ పేరు గబగబా రాసేసింది. ఆలోచించలేదు. తర్వాత పుస్తకం నావైపు తిప్పాడు.

పేరు రాశాను. చిరునామా దగ్గర ఆగాను. అరకులో నేనుండే ఇంటి నంబరు రాస్తే స్థలం ఎవరిదని అడుగుతారు. పోలీసు స్టేషను పుస్తకంలో రాయదగ్గ సంగతి కాదది. అందుకని సాలూరు అని రాశాను.

"సాలూరంటే ఎక్కడండీ? వీధి?" అన్నాడు రైటరు.

సాలూరులో మా ఇల్లు ఎప్పుడో అమ్మేశాం. ఇప్పుడక్కడ మందుల గోడౌను ఉంది. నాకక్కడ వీధి లేదు. చెయ్యి కాగితం మీదే ఉండిపోయింది. వెనక ఎవరో దగ్గారు, రైటరు గడియారం చూసుకున్నాడు. చెయ్యి దానంతటదే కదిలి, తనకి బాగా అలవాటైన మాటలు గుండ్రంగా రాసేసింది.

రైటరు చూసి సరేనన్నాడు. చదివి వినిపించమని ఆయన అడగలేదు.

ఆమె నా భుజం మీంచి తొంగిచూసింది. పెదాలు కదుపుతూ మెల్లిగా చదువుకుంది.

"బాబూ," అంది, "అది నా అడ్రసు కదా."